గాలికి యజమానులెవరు?

టెలివిజన్ సమానత్వాన్ని తెచ్చిందనీ, గాలిలో వచ్చే ప్రసారానికి బీదా గొప్పా తేడా లేదనీ చెప్పే విద్యాధికులు మనలో పలువురున్నారు. ఈ వాదం పచ్చి అబద్ధమని నేనంటాను. దక్షిణ వేల్సు బొగ్గు లోయలే ఇందుకు నిదర్శనం.

రోండా మొదలైన లోయలు ఇరుకైనవి. గని కార్మికుల కోసం కట్టిన ఇళ్ళు కొండల నడుమ బారులు తీరి ఉంటాయి. టెలివిజన్ తరంగాలు దాదాపు తిన్నగా సాగుతాయి. కొండ అడ్డు వస్తే దాని వెనుక నీడ పడుతుంది. కార్డిఫ్ సమీపాన ఉన్న వెన్వో ప్రధాన కేంద్రపు ప్రసారం ఆ నీడలోకి సరిగా దిగదు. అందుకే కొండలమీద చిన్న చిన్న రిలే కేంద్రాలు నెలకొల్పారు. పెద్ద కేంద్రపు ప్రసారాన్ని అందుకొని, వేరొక పౌనఃపున్యంలో లోయలోకి పంపడమే వాటి పని.

ఇంతవరకు భౌతికశాస్త్రం. ఇక్కడినుండి రాజకీయం.

2010 మార్చిలో వెన్వో, దాని రిలేలు డిజిటల్ పద్ధతికి పూర్తిగా మారాయి. ఈ పద్ధతిలో అనేక ఛానళ్ళను ఒక కట్టగా కట్టి పంపుతారు. ఆ కట్టనే మల్టీప్లెక్సు అంటారు. బ్రిటనులో ప్రజాసేవా మల్టీప్లెక్సులు మూడు. దేశంలోని ఇళ్ళలో 98.5 శాతానికి అవి అందవలెనని లక్ష్యం. వాణిజ్య మల్టీప్లెక్సులకు అంతటి బాధ్యత పెట్టలేదు; అవి సుమారు 90 శాతం దగ్గర ఆగిపోయాయి. చిన్న రిలేలలో అత్యధిక భాగం ప్రజాసేవా మల్టీప్లెక్సులనే ప్రసారం చేస్తాయి. పెద్ద కేంద్రానికి ఎదురుగా ఉన్న నగరవాసికి దొరికే ఛానళ్ళెన్నో లోయవాసికి దొరకవు. లైసెన్సు రుసుము మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

"ఆ రుసుము వాణిజ్య ఛానళ్ళకు పోదు గదా! వ్యాపారిని నష్టానికి కొండమీద స్తంభం పాతమంటారా?" అని ప్రతివాదులు అడగవచ్చును. రుసుము పోని మాట నిజమే. కాని ఆ తరంగాలెవరివి? ప్రజలందరి ఉమ్మడి సొత్తు. దానిని వాడుకొనే హక్కు పొందినవాడు లాభమున్నంత మేరకే వస్తానంటే, సరేనన్న ప్రభుత్వం ఎవరి పక్షాన ఉన్నట్లు? డిష్షు పెట్టుకోరాదా అన్నది మరొక సలహా. ప్రసారం చేసేవాడి ఖర్చును చూసేవాడి నెత్తిన రుద్దడమే దీని పరమార్థం.

వేల్షు భాషా ఛానల్ చరిత్ర చూడండి. ఇచ్చిన మాటను ప్రభుత్వం తప్పగా, 1980లో గ్విన్వోర్ ఎవాన్స్ ఆమరణ నిరాహారదీక్షకు సిద్ధపడ్డాడు. అనేకులు లైసెన్సు రుసుము కట్టడానికి నిరాకరించారు. ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఎస్‌ఫోర్‌సి ప్రసారాలు మొదలైనాయి. వేల్సులో అది ప్రజాసేవా మల్టీప్లెక్సులో ఉన్నది గనుక, రిలేల ద్వారా లోయలకు చేరుతున్నది. పోరాడి సాధించుకున్నది కొండ దాటింది. మార్కెట్టు దయకు వదిలినది దాటలేదు.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. సుమారు 50 మినహా అనలాగు ట్రాన్స్‌మిటర్లన్నిటినీ 2022 మార్చి 31 నాటికి మూసివేస్తామని ప్రసారభారతి 2021లో ప్రకటించింది. పాతబడిన యంత్రాన్ని తీసివేయడాన్ని నేను తప్పుపట్టను. దాని స్థానే పేదవానికి ఏమిచ్చారని అడుగుతున్నాను. నెలసరి చందా లేని ఫ్రీడిష్ ఉన్నది. కాని డిష్షూ, పెట్టె ఇంటివాడే కొనుక్కోవాలి. కొనుక్కున్న తరువాతనైనా, మన్యంలో కువి మాట్లాడే గిరిజనునికి అందులో తన భాష ఎంత వినబడుతున్నది?

ప్రజల భాషను గురించీ, ప్రజా సాహిత్యాన్ని గురించీ మాట్లాడే మనం ప్రసార విధానాన్ని ఇంజనీర్ల వ్యవహారమని వదిలివేయరాదు. ప్రతి గూడేనికీ ప్రసారం ప్రభుత్వ ఖర్చుతో, అక్కడి భాషలో చేరవలెనని డిమాండు చేయడం రచయితల పని, అధ్యాపకుల పని, విద్యార్థుల పని.