దాచిన రోగం, చదివిన నికాహ్

శంషాబాద్ విమానాశ్రయం ముందు గల్ఫ్ విమానాల కోసం రాత్రంతా ఎదురుచూసే కుటుంబాలను మనం చూస్తూనే ఉంటాం. ఆ జనంలోకి ఒక్కోసారి, అక్కడి వైద్యపరీక్షలో హెచ్‌ఐవి బయటపడి, నివాస అనుమతి దక్కక తిరిగి వచ్చిన యువకుడు కూడా నడిచి వస్తాడు. కారణం ఎవరికీ చెప్పడు. "ఇక నికాహ్ చేసేద్దాం" అంటారు ఇంటి పెద్దలు. అతడు నోరు విప్పాలా?

ముందుగా చట్టం చూద్దాం. ప్రాణాపాయకరమైన వ్యాధిని వ్యాపింపజేసే అవకాశమున్న పనిని నిర్లక్ష్యంగా చేస్తే, భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. దురుద్దేశంతో చేస్తే 272వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు. జరిమానా కూడా ఉండవచ్చు. 2024 జూలై 1కి ముందు ఇవే శిక్షాస్మృతిలోని 269, 270 సెక్షన్లు. వ్యాధి ఉండటం నేరం కాదు. తెలిసీ ఎదుటివారిని ప్రమాదంలోకి నెట్టడమే నేరం.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం రెండు వైపులా న్యాయం చూసింది. అనుమతి లేనిదే పరీక్ష చేయరాదు, రోగి గుట్టు బయటపెట్టరాదు. అయితే తన స్థితి తెలిసిన వ్యక్తి, ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. ఎంత నచ్చజెప్పినా అతడు భాగస్వామికి చెప్పడని తేలితే, అతడికి ముందుగా తెలిపి, వైద్యుడే ఆమెకు చెప్పవచ్చు.

హెచ్‌ఐవి ఉన్నవారి వివాహ హక్కు నిలిచిపోతుందని 1998లో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది. ఆ వ్యాఖ్యలు అనవసరమని 2002లో విస్తృత ధర్మాసనం పేర్కొన్నది. కాబట్టి సమస్య నికాహ్ కాదు, మోసం. భర్తకు తీవ్రమైన సుఖవ్యాధి ఉంటే భార్య వివాహరద్దు కోరవచ్చని 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఏనాడో చెప్పింది.

షరీఅత్ దృష్టిలోనూ అంతే. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడమే తగదన్న ధర్మం, జీవితకాలపు ఒడంబడికలో దాపరికాన్ని ఒప్పుతుందా? అలాగే నిజం విన్నవారికి అది అమానత్; వీధిలో చాటింపు వేసేవారు ఆ అమానత్‌కు ద్రోహం చేసినట్లే. అవమానం భయమే చాలామంది నోళ్లు మూయిస్తుంది. ఆ భయాన్ని పెంచేది మన నాలుకలేనని మరువరాదు.

ఇప్పటికే పెళ్లయినవారైతే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయక భార్యకు చెప్పి, ఆమెకు పరీక్ష చేయించాలి. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. క్రమం తప్పక మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు చిక్కనంత తగ్గి అలాగే నిలిచినవారి నుండి దాంపత్యం ద్వారా అది సోకదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. సలహాకు 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

నిజం చెప్పే ధైర్యాన్ని, విన్న నిజాన్ని కాపాడే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.