చేయి చాచే ముందు చిట్టా విప్పుదాం

2024 ఫిబ్రవరిలో కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయవలసిందిగా ఆదేశించింది. 1989లో, మౌలానా శతజయంతి సందర్భాన ఏర్పడిన ఆ సంస్థ విద్యలో వెనుకబడిన మైనారిటీల నడుమ పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు పాఠశాల భవనాల కోసం, వసతి గృహాల కోసం గ్రాంట్లు ఇచ్చేది. ప్రతిభ గల బాలికలకు ఉపకారవేతనాలు ఇచ్చేది. దానికి ముందే, 2022 డిసెంబరులో, పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను నిలిపివేశారు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకు అందుతున్న ప్రీ మెట్రిక్ ఉపకారవేతనానికి 2022-23 నుంచి స్వస్తి చెప్పారు. ఈ నిర్ణయాలపై మన నిరసన న్యాయమైనది, అది కొనసాగవలసిందే. అయితే నిరసన ఫలించే వరకు బస్తీలోని పిల్లవాడి చదువు ఆగకూడదు కదా. అందుకే మన సంఘాలు ఇప్పుడు కంపెనీల తలుపులు, దాతృత్వ ఫౌండేషన్ల తలుపులు తడుతున్నాయి. ఆ తలుపు ముందు మనం ఎందుకు ఆగిపోతున్నామో చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొత్తగూడెం సంగతే తీసుకుందాం. ఇది సింగరేణి బొగ్గు సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. ఆ సంస్థలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. పక్కనే పాల్వంచలో నవభారత్ సంస్థ, భద్రాచలానికి గోదావరి ఇవతలి ఒడ్డున సారపాకలో ఐటీసీ కాగితపు మిల్లు ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయికి మించిన నికర విలువ గాని, టర్నోవరు గాని, లాభం గాని ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాను పనిచేసే పరిసర ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతున్నది. ఆ నిధులతో చేయదగిన పనులను చట్టం ఏడవ షెడ్యూలు పేర్కొన్నది. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు ఎదుర్కొనే అసమానతలను తగ్గించే చర్యలు ఆ జాబితాలో ఉన్నాయి. ముస్లింల వెనుకబాటును 2006లో సచార్ కమిటీ, 2016లో తెలంగాణలో సుధీర్ కమిషన్ అంకెలతో సహా నమోదు చేశాయి. అంటే అవసరం రుజువై ఉంది, నిధి ఉంది, చట్టం ఉంది. మరి అడ్డు ఎక్కడ?

రామవరంలోనో రుద్రంపూర్‌లోనో మసీదు పక్క గదిలో సాయంత్రం పూట ట్యూషన్ నడిపే ఒక సంఘాన్ని ఊహించండి. పదేళ్లుగా నడుస్తోంది. ఇద్దరు యువతులు చదువు చెబుతారు. జీతాలు చందాల మీద గడుస్తాయి. ఎవరో చెప్పగా సంఘం పెద్దలు ఒక కంపెనీకి దరఖాస్తు పెడతారు. అక్కడి అధికారి మూడు కాగితాలు అడుగుతాడు: ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ నమోదు, 80జీ నమోదు, కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద సీఎస్ఆర్-1 నమోదు. 2021 ఏప్రిల్ నుంచి ఈ మూడవది లేనిదే ఏ కంపెనీ కూడా బయటి సంస్థ ద్వారా కొత్త పని చేపట్టలేదు. మొదటి రెండూ లేనిదే మూడవది రాదు. పైగా ఆ రంగంలో మూడేళ్ల అనుభవం చూపాలి. సంఘం పెద్దలు సంఘాల రిజిస్ట్రేషన్ పత్రం ఒక్కటే పట్టుకుని ఇంటికి తిరిగి వస్తారు. మనల్ని చూసే కాదన్నారని అనుకుంటారు.

అసలు చిక్కు ఆ రిజిస్ట్రేషన్ పత్రం లోపలే ఉంది. మన సంఘాలలో చాలావాటి నియమావళిలో ఆశయాల కింద మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ముస్లింల విద్యాభివృద్ధికి, సంక్షేమానికి కృషి చేయుట. మనసుతో రాసుకున్న మాట అది. కాని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్ ఒకానొక మత సమాజం లేదా కులం మేలు కోసమే ఏర్పడిన ధార్మిక సంస్థకు పన్ను మినహాయింపు నిరాకరించింది. 80జీ కూడా అదే షరతు పెట్టింది. కనుక ఆ ఒక్క వాక్యంతో 80జీ పోతుంది, దానితోపాటు సీఎస్ఆర్-1 పోతుంది, కంపెనీ తలుపూ మూసుకుపోతుంది. దరఖాస్తు ఎంత బాగా రాసినా ప్రయోజనం ఉండదు.

ఈ షరతులో ఒక అసమానత ఉందని చెప్పక తప్పదు. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల మేలు కోసం ఏర్పడిన సంస్థలకు ఈ నిషేధం వర్తించదని అదే చట్టం వివరణ ఇచ్చింది. ఇది సముచితమే. కాని విద్యలో వెనుకబడిందని ప్రభుత్వ కమిటీలే నిర్ధారించిన ఒక మైనారిటీకి ఆ వెసులుబాటు పేరుతో దక్కలేదు. దీన్ని సవరించమని అడగడం మన హక్కు. అయితే చట్టం మారే వరకు ఉన్న చట్టంలోనే రెండు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, వెనుకబడిన తరగతుల దారి. దూదేకుల సోదరులు బీసీ-బి జాబితాలో ఉన్నారు. 2007 చట్టం ద్వారా ముస్లింలలోని 14 వెనుకబడిన సమూహాలు బీసీ-ఇ కింద గుర్తింపు పొందాయి. వెనుకబడిన తరగతుల పిల్లల విద్య అని రాసుకుంటే మన బస్తీ పిల్లలలో అత్యధికులు ఆ మాట లోపలే ఉంటారు. రెండవది, నా దృష్టిలో ఇంకా మేలైనది, అవసరాన్ని బట్టి ఆశయాన్ని నిర్వచించే దారి. మన పిల్లవాడు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు, బడిలో తెలుగు లేదా ఇంగ్లీషు పాఠం వింటాడు. మూడో తరగతి దాటేసరికి రెండు భాషల మధ్య జారిపోతాడు. చుంచుపల్లి దాటి అడవి వైపు వెళితే కోయ పిల్లవాడిదీ ఇదే కథ. తండాలోని లంబాడీ పిల్లదీ ఇదే. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన పేద పిల్లలకు సాయం చేయుట అని నియమావళిలో రాసి చూడండి. ఏ మతం పేరూ లేదు. అయినా మన పిల్లలెవ్వరూ బయట మిగలరు. పొరుగు పిల్లలూ లోపలికి వస్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ముస్లిం అనే మాట తీసేస్తే మన ఉనికినే దాచుకున్నట్లు కాదా అని కొందరు పెద్దలు బాధపడతారు. ఆ బాధను తేలికగా కొట్టివేయలేం. కాని సంఘం పేరు మారనక్కర లేదు, నడిపేవారు మారనక్కర లేదు, గది మసీదు పక్క నుంచి కదలనక్కర లేదు. మారవలసింది ప్రవేశం పొందే పిల్లల జాబితా. అది కాగితం మీది మార్పుగా మిగిలిపోతే మోసమే అవుతుంది. నిజంగా తలుపు తెరవాలి. ముస్లిం సంఘం నడిపే కేంద్రంలో కోయ పిల్ల లెక్కలు నేర్చుకోవడం కంటే మన ఉనికికి గౌరవం మరేముంది?

జకాత్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. జకాత్‌కు అర్హులెవరో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. ఆ సొమ్మును, గ్రాంటు సొమ్మును ఒకే ఖాతాలో కలిపితే ఇటు షరీఅత్ పరంగానూ అటు పన్ను చట్టం పరంగానూ చిక్కే. జకాత్‌ను మసీదు కమిటీ లేదా బైతుల్ మాల్ విడిగా చూసుకోవాలి. సంఘం ఖాతా సంఘానిదే కావాలి.

రెండో అడ్డు లెక్క. మన సంఘాలలో అవినీతి కంటే అలసత్వమే ఎక్కువ. చందా రసీదు ఉండదు, ఖర్చుకు బిల్లు ఉండదు, సొమ్ము ఒక పెద్దమనిషి సొంత ఖాతాలో ఉంటుంది. ఆయన నిజాయితీపరుడే కావచ్చు, కాని ఆయన మంచితనాన్ని ఆడిటర్ ధ్రువీకరించలేడు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన వాక్యం అల్ బఖరా అధ్యాయంలోని 282వది. అది అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవడం గురించి, సాక్షుల గురించి చెబుతుంది. అమానత్ అనే మాటను నిత్యం పలికే సమాజానికి చిట్టా రాయడం పరాయి విద్య కారాదు. మూడేళ్ల ఆడిట్ నివేదికలు కావాలంటే మొదటి ఏడాది ఈ ఏడాదే మొదలవ్వాలి.

మూడో అడ్డు మన ఆశ. దరఖాస్తు అనగానే మనకు భవనం గుర్తుకు వస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అధిక భాగం షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. ఆదివాసీల భూమిని కాపాడే ఆ చట్టం ఉండవలసిందే. హక్కు పత్రం చూపలేని స్థలంలో భవనం కట్టడానికి ఏ ఫౌండేషన్ డబ్బు ఇస్తుంది? అందుచేత గోడలు కాదు, పని అడగాలి. ఇద్దరు ఉపాధ్యాయినుల గౌరవ వేతనం, పుస్తకాలు, ఏడాది గది అద్దె అడగవచ్చు. జూన్‌లో ఎందరు పిల్లలు పేరా చదవగలిగారు, మార్చిలో ఎందరు చదవగలిగారు అన్న రెండు అంకెలు హాజరు పట్టీతో సహా చూపితే, పది పేజీల ఆవేదన కంటే అవి బలంగా మాట్లాడతాయి.

ఇన్ని చేసినా పేరు చూసి పక్కన పెడతారేమో అని సందేహం. అలా జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని కాగితాలు పూర్తిగా ఉన్నప్పుడు తిరస్కరణకు కారణం అడగవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద ఏ సంస్థకు ఎంత ఇచ్చారో, ఏ ప్రమాణంతో ఇచ్చారో జాబితా కోరవచ్చు. కాగితాలు లేనివాడి ఫిర్యాదుకు ఆ బలం ఉండదు. అలాగే కంపెనీలకూ ఒక మాట: దరఖాస్తు నమూనాను తెలుగులో, ఉర్దూలో ఇవ్వండి, చిన్న సంఘాలకు ఏడాదికొకసారైనా నమోదు ప్రక్రియ నేర్పండి. ఇంగ్లీషు బాగా రాయగల నగర సంస్థకే నిధి చేరితే పరిసర ప్రాంతానికి ప్రాధాన్యం అన్న మాటకు అర్థం లేదు.

చివరిగా ఒక విషయం మరవరాదు. ఉపకారవేతనం హక్కు, గ్రాంటు ఒప్పందం. ఒకటి రెండోదానికి ప్రత్యామ్నాయం కాదు. ఫౌండేషన్ ఏడాదికి ఇచ్చి మరుసటి ఏడాది ఆపవచ్చు. ప్రభుత్వం తన బాధ్యత నుంచి అలా తప్పుకోరాదు. హక్కును నినాదంతో, న్యాయస్థానంతో, ఓటుతో అడుగుదాం. గ్రాంటును లెక్కతో అడుగుదాం. ఈ నెల జరిగే సంఘం సమావేశంలో నియమావళి తీసి ఆశయాల పేజీని పైకి చదవండి. మార్చవలసిన వాక్యం అక్కడే కనిపిస్తుంది.