కొబ్బరి లెక్కలకి కాఫ్కా ఎందుకండీ?

అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే మా బంధువొకాయనకి లెక్కల అప్లికేషన్ రాసిపెడతామని ఇద్దరు కుర్రాళ్ళు కూర్చున్నారు. వాడేది ముగ్గురే. వీళ్ళ లిస్టులో మాత్రం స్ప్రింగ్ క్లౌడ్, కాఫ్కా, రెడిస్! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. రెజ్యూమెలో రాసుకోడానికి తప్ప దేనికండీ ఇవన్నీ?

తెచ్చుకున్న ప్రతి జార్‌నీ తర్వాత మేపాలి బాబూ. 2021 డిసెంబరులో లాగ్4జె గొడవ మర్చిపోయారా? లాగ్‌లో రాయమన్న మాటనే ఆజ్ఞగా తీసుకుని, బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడిపేసేది. 2.15 వేశాం, చాల్లేదు. తర్వాత 2.16, ఆపైన 2.17. అసలది మా ప్రాజెక్టులో ఉందనే సగంమందికి తెలీదు, వేరే లైబ్రరీ వెంట తోకలా వచ్చింది మరి (నాకూ తెలీదు లెండి).

ఆయనకి నాలుగు సర్వ్‌లెట్లు, జేడీబీసీ, ఒక పోస్ట్‌గ్రెస్ చాలు. రేపు ఈ కుర్రాళ్ళు బెంగుళూరు చెక్కేస్తే ఆ లైబ్రరీలన్నీ ఎవరు అప్‌గ్రేడ్ చేస్తారు, కొబ్బరి దింపువాళ్ళా?