పూవు నెఱుగుట

పూవు పేరు వినినంతమాత్రమున పూవు నెఱిగినట్లు కాదు. దాని రూపమును కన్నులార చూడవలెను. దానిని వాడుకొనిన జనులను గూర్చి తెలిసికొనవలెను. అది యెట్లు బ్రతుకునో గ్రహింపవలెను. ఉత్తర అమెరికాలోని యొక అడవిపూవు కథ ఇందుకు చక్కని నిదర్శనము.

ఆ ఖండమధ్యమున ప్రెయిరీలనబడు విశాలమైన గడ్డిమైదానములు గలవు. అచ్చట ఎకినేసియా అను మొక్క సహజముగా పెరుగును. అది పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. ఆంగ్లమున దానిని కోన్ ఫ్లవర్ అందురు. అనగా శంకువు వంటి పూవు. ఈ పేరు విని మన కంచెలపై అల్లుకొను శంఖపుష్పమని భ్రమపడరాదు. అది చిక్కుడు కుటుంబపు తీగ. ఇది నిటారుగ నిలుచు మొక్క.

దీనిలో పలు జాతులు గలవు. సన్నని ఆకులు గల జాతి సుమారు రెండడుగుల ఎత్తు పెరుగును. ఆకులపై గరుకైన నూగు ఉండును. పూవు నడుమ ముండ్లతో కూడిన గుబ్బయు, దాని చుట్టు లేత ఊదావన్నె రేకలును గలవు. ముండ్లు గల యొక చిన్న జంతువును తెలుపు గ్రీకు పదమునుండి ఎకినేసియా అను పేరు వచ్చినది. దీని వేరు నేలలోనికి లోతుగ దిగును. దానిని నమలినచో నాలుకకు తిమ్మిరి యెక్కును.

మైదానములందలి ఆదివాసులు ఈ గుణమును తరతరములుగ ఎఱుగుదురు. పంటినొప్పికి వేరుముక్కను పంటిపై నుంచుకొనెడివారు. విషపుకాటులకు మందుగ వాడెడివారు. ఎండిన గుబ్బను దువ్వెనగ చేసికొనెడివారు. మెల్విన్ గిల్మోర్ అను పండితుడు 1919లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయములను పొందుపఱచెను.

అంతకుముందే, 1880ల దశకమున, నెబ్రాస్కా రాష్ట్రమందు మేయర్ అను మందుల వర్తకుడు ఈ వేరుతో ఔషధము చేసి అమ్మెను. దాని మహిమను చూపుటకు తాను గిలకపాముచే కఱపించుకొనుటకైనను సిద్ధమనెను. సాహసము వేఱు, రుజువు వేఱు. నేటి పరీక్షలలో సయితము ఇది జలుబును మాన్పునని నిస్సందేహముగ తేలలేదు. అయినను మందు పేరు లోకమంతట ప్రాకినది. 1990ల దశకమున గిరాకి హెచ్చగా, జనులు మైదానములపై బడి వేరులను త్రవ్విరి. వేరు పోయిన మొక్క చావవచ్చును. మిగిలిన ముక్క చిగిర్చినను మఱల ఎదుగుటకు ఏండ్లు పట్టును. ఎత్తైన గడ్డి పెరుగు ప్రెయిరీలు చాలవఱకు అప్పటికే పొలములైపోయినవి.

"మందు నరులకు మేలు చేయునప్పుడు త్రవ్విన తప్పేమి?" అని కొందఱు అడుగవచ్చును. మేలు నిజమైనచో ఆ మొక్కను తోటలలో పెంచవచ్చును. దీనిలో ఒక జాతిని అట్లే పెంచుచున్నారు. అడవిని దోచుట అవసరము కాదు, తొందర మాత్రమే. ఆదివాసుల జ్ఞానమును గైకొని వారి పేరును మఱచుటయు న్యాయము కాదు.

విద్యార్థులారా! క్రొత్త మొక్క కనబడినప్పుడు ఆకును, పూవును, కాండమును పరిశీలింపుడు, పెద్దలను అడుగుడు, చూచినది వ్రాసికొనుడు. తెలియని వేరును నోట నుంచుకొనకుడు. త్రవ్వుటకు గునపము చాలును. ఎఱుగుటకు ఓర్పు కావలెను. ఓర్పుతో నెఱిగినవాడే మొక్కను మఱునాటికి నిలుపగలడు.