పదముల పట్టికయే పాండిత్యమా?

మా రెడ్డిగూడెము ప్రాంతమున మామిడితోట గల రైతు, మొక్క నాటిన యేటనే కాయలకై చేయి చాపడు. వేరు పట్టవలెననియు, కొమ్మ బలియవలెననియు వానికి దెలియును. అట్టి వివేకవంతుడే తన బిడ్డ చదువు మాట వచ్చునప్పటికి, మూడు నెలలలో ఆంగ్లపాండిత్యము ఫలింపజేయుదుమను వారి ప్రకటనలు నమ్మి, తోటమీద అప్పు దెచ్చి వారి చేతులలో బోయుచున్నాడు. ఈ వైపరీత్యమును గూర్చి నిర్మొగమాటముగా నాలుగు మాటలు చెప్పుట ఉపాధ్యాయునిగా నా విధియని తలచుచున్నాను.

విదేశ విశ్వవిద్యాలయములలో జేరగోరు మన యువతీయువకులు ఆంగ్లమున దమకు గల సామర్థ్యమును నిరూపించుకొనవలసియున్నది. ఇందులకై 1964లో టోఫెలు పరీక్షయు, 1989లో ఐయెల్ట్సు పరీక్షయు మొదలైనవి. ఈ పరీక్షల గాలి పల్లెబడులకును సోకినది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమెరికాలోని ఇ.టి.ఎస్. సంస్థతో నొడంబడిక చేసికొని, మూడవ తరగతి మొదలు తొమ్మిదవ తరగతి వరకు గల ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టోఫెలు శిక్షణ నేర్పాటు చేసెను. 2024లో ప్రభుత్వము మారిన పిదప ఆ యేర్పాటు నిలిచిపోయినది. ఏర్పాటు నిలిచెను గాని తలిదండ్రుల యాశ నిలువలేదు. ఆశ గలచోట వ్యాపారము గలదు. ఆ వ్యాపారమున నమ్ముడుపోవు సరకు కఠినపదముల పట్టిక.

ఒకనాడు మా విద్యార్థిని యొకతె అట్టి పట్టికను గొనివచ్చి రెండువందల మాటలను అర్థములతో నాకు దడుముకొనక యొప్పగించినది. సంతోషించి, ‘అమ్మా, మీ యింటి వంటను గూర్చి యాంగ్లమున నాలుగు వాక్యములు వ్రాయుము’ అంటిని. ‘మా అమ్మ నిన్నటి పులుసును అమీలియొరేట్ చేసినది’ అని వ్రాసినది. ఆ మాటకు బాగుచేయుట యని పట్టికలో నున్నది. అర్థము తప్పు గాదు. కాని అది బీదల దుఃస్థితిని, కార్మికుల కష్టములను దొలగించు సందర్భమున వాడు మాట. తెలుగున ‘మా అమ్మ పులుసును సముద్ధరించినది’ అన్నచో నెట్లుండునో అదియు నట్లేయున్నది. నే నది చెప్పగా బాలిక పకపక నవ్వి, మరుక్షణముననే చిన్నబోయి, ‘అయితే నేను నేర్చినవన్నియు నిట్టివేనా, మాస్టారూ?’ అని యడిగినది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది బాలిక గాదు, మనము.

అసలీ పట్టికలు కూర్చినవారి యభిప్రాయమేమో మనవారు విచారించుటయే లేదు. మైకేల్ వెస్టు అను నాంగ్లేయుడు ఢాకా నగరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బనిచేయుచు, వంగదేశపు బాలురకు ఆంగ్లపఠనము సులభమగు మార్గమును బరిశీలించెను. ఆయన తరువాత 1953లో బ్రకటించిన సామాన్య పదపట్టికలో సుమారు 2,000 మాటలు గలవు. 2000 సంవత్సరమున న్యూజిలాండు విదుషి ఏవరిల్ కాక్సుహెడ్ సుమారు 35 లక్షల మాటల విద్యాగ్రంథ భాగములను శోధించి, 570 పదకుటుంబములను ఏర్చి మరియొక పట్టికను వెలువరించిరి. ఇందలి కీలకమును గమనింపుడు. వెస్టు పట్టికలోని మాటలను ముందుగా మినహాయించియే ఆమె తన పట్టికను గూర్చిరి. ఆ గ్రంథభాగములలో నూటికి 76 మాటలు వెస్టు పట్టికలోనివే; ఆమె యేర్చినవి నూటికి 10 మాత్రమే. అనగా ఈ రెండవ పట్టిక మొదటి రెండువేల మాటలు చేతనున్నవారికి గాని యుపయోగపడదు. మనమో, అన్నము పెట్టక ఊరగాయ వడ్డించుచున్నాము!

పరీక్షాధికారులైన నీ కఠినపదముల మోతకు మెచ్చెదరా? ఐయెల్ట్సు రచనాపరీక్షలో నాలుగు గుణములను సమానముగా దూచెదరు: అడిగినదానికి దగిన సమాధానము, భావముల పొందిక, పదసంపద, వ్యాకరణము. పదసంపద నాలుగవ పాలు మాత్రమే. అందును మాట యెంత పెద్దదియని గాక, ఎంత యుచితముగా వాడబడినదియని చూచెదరు.

‘మీరును అమరకోశమును వల్లె వేసినవారే గదా! పిల్లలు వల్లించినచో దప్పేమి?’ అని కొందరు న న్నాక్షేపించిరి. నిజమే, వల్లించితిని. కాని అమరసింహుడు మాటలను సంతలోని గవ్వలవలె గుప్ప బోయలేదు. స్వర్గవర్గము, వనౌషధివర్గము అని అర్థసంబంధమును బట్టి కూర్చి, లింగమునుగూడ దెలిపినాడు. మా గురువులును కోశముతో నాపక, వెంటనే రఘువంశము చేతికిచ్చి, వల్లించిన మాట శ్లోకమున నెట్లు నిలిచినదో చూపిరి. ధాతు వేది, ప్రత్యయ మేది యని యడిగిరి. నేను నిందించునది కంఠస్థము చేయుటను గాదు. కంఠముననే నిలిచిపోవు చదువును.

ఆంగ్లమునందలి శాస్త్రపదములలో బెక్కులు గ్రీకు, లాటిను ధాతువులనుండి పుట్టినవి. ఆ భాషలకును సంస్కృతమునకును గల చుట్టరికమును 1786లో కలకత్తాలో విలియం జోన్సు చాటెను. తెలుగు ఆ కుటుంబములోనిది గాదని 1816లో ఎల్లిసు నిరూపించినను, మన శాస్త్రపరిభాష చాలవరకు సంస్కృతమునుండి వచ్చినదే. కావున మన పిల్లల చేతిలో నొక తాళపుచెవి యున్నది. కిరణజన్య సంయోగక్రియ యను మాటను విడదీసి తెలిసికొన్న బాలునకు ఫోటోసింథసిస్ భయంకరము గాదు: ఫోటో యనగా వెలుగు, సింథసిస్ యనగా కూర్చుట. హైపోథెసిస్ అను మాటలోని ‘హైపో’ మన ‘ఉప’ యను నుపసర్గకును, ‘థెసిస్’ మన ‘ధా’ ధాతువునకును దోబుట్టువులు. వాదమునకు అడుగున నుంచుకొన్న యూహ యని భావము. ధాతువు ద్వారము తెఱచును; లోపల నడచుట కభ్యాసము వలయును. ఆ యభ్యాసమే పఠనము.

‘తెలుగు విడిచిననే గాని యాంగ్లము రా’దనువారి కిదియే నా ప్రత్యుత్తరము. కారణమునకును కార్యమునకును, ఊహకును నిదర్శనమునకును భేదము తెలుగున నెఱుగనివానికి ఆ మాటలు ఆంగ్లమున నేర్పినను చిలుకపలుకులే. ఆలోచన కలిగిననాడు మాట దానిని వెదకుకొని వచ్చును.

‘పరీక్ష దగ్గర పడినది, తీరిక లే’దందురు. లెక్క చూడుడు. దినమునకు ఐదు పదకుటుంబముల చొప్పున నేర్చినచో 114 దినములలో 570 పూర్తియగును. పిల్లవాడు దినమున కొక పుట యాంగ్లమున చదువవలెను. క్రొత్తమాట యున్న వాక్యమును నోటుపుస్తకమున యథాతథముగా వ్రాసికొని, దాని క్రింద తెలుగర్థమును, ధాతువును, ఆ మాటతో నెల్లప్పుడు కూడివచ్చు మాటలను, తన సొంత వాక్యము నొకదానిని వ్రాయవలెను. మొదటి రెండువేల మాటలు రానివానికి అంతకుముందొక సంవత్సరము సులభమైన కథలు చదివింపవలెను. ఇందులకు తోట తాకట్టు పెట్టనక్కరలేదు.

తలిదండ్రులారా! వల్లించిన మాటలతో పరీక్ష గట్టెక్కినను, పరదేశమున ఆచార్యుని యుపన్యాసము బోధపడక కూర్చుండువాడు మీ బిడ్డయే. అప్పు తీర్చవలసినవారు మీరే. ఈ రాత్రి వానిని బిలిచి, పట్టికలోని యొక్క మాటను తెలుగున వివరింపుమని యడుగుడు. వివరింపగలిగెనా, మంచిదే. లేకున్నచో ఆ పట్టికను మూసి, వానిచేత ఒక పుస్తకము తెఱపింపుడు.