తన్నితేనే బుద్ధొస్తుందా?

తుపాకీ పేలితే వెనక్కి తంతుంది. ఇంగ్లీషులో రీకాయిల్ అంటారు. మనకి తన్ను అంటే సరిపోతుంది. పదేళ్ల పిల్లకో పన్నెండేళ్ల పిల్లాడికో మొదటి వేట రైఫిల్ కొనబోయే అమెరికన్ తల్లిదండ్రులు ముందుగా అడిగేది దీని గురించే: తక్కువ తన్నేది ఏది? ఈ ప్రశ్న వింటే మన సాహిత్య మిత్రులకి ఒళ్లు మండుతుంది. నాకు మండదు. పిల్లలూ తుపాకులూ అనే ఆ మొత్తం గొడవలో నిజాయితీగా వినపడే కొద్ది ప్రశ్నల్లో ఇదొకటని నా వాదన.

నేను టెక్సస్‌లో ఉంటాను. వేటాడను. ఇంట్లో తుపాకీ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నాలుగు పేరాలు చదివేలోపే నన్ను తుపాకుల లాబీ మనిషిని చేసేసేవాళ్లు ఉంటారు. మా ఆఫీసులో ఒకాయన పదకొండేళ్ల కూతురికి రైఫిల్ వెతుకుతూ నెలన్నర పాటు లంచ్ టేబుల్ దగ్గర అదే గోల. ఆ సంగతి మా సాహిత్య వాట్సాప్ గ్రూపులో పెడితే రెండు రకాల జవాబులు వచ్చాయి. మొదటిది మామూలే: పసిపిల్ల చేతికి తుపాకీయా, ఏం మనుషులు వీళ్లు. రెండోది కాస్త తెలివైనది, అందుకే దాంతో నాకు పేచీ. చంపడం అంత సుఖంగా ఉండకూడదట. తుపాకీ తన్నాలట, భుజం కమిలిపోవాలట, అప్పుడే చేస్తున్న పని బరువు తెలుస్తుందట. తన్నని తుపాకీ ఇవ్వడమంటే హింసకి దిండు వేసి ఇవ్వడమట. ఈ మాటకి లైకులు బాగా పడ్డాయి. కవిత్వంలా ఉంది మరి.

కవిత్వం సంగతి తర్వాత. ముందు లెక్క చూద్దాం.

గుండూ, దాని వెనక మండిన మందు వాయువులూ ఎంత ద్రవ్యవేగంతో ముందుకి పోతాయో, అంతే ద్రవ్యవేగంతో తుపాకీ వెనక్కి వస్తుంది. హైస్కూల్లో బట్టీపట్టిన న్యూటన్ మూడో సూత్రమే. 1906లో అమెరికా సైన్యం కోసం తయారై, తర్వాత వేటగాళ్లకి ఇష్టమైపోయిన .30-06 తూటాని ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో పేలిస్తే భుజానికి చేరే శక్తి సుమారు 20 ఫుట్-పౌండ్లు. 1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్‌తో అది దాదాపు సగం. గురి నేర్చుకోడానికి వాడే .22 రిమ్‌ఫైర్‌తో ఒక ఫుట్-పౌండు కూడా ఉండదు.

మరి .22 ఇచ్చేస్తే సరిపోదా? సరిపోదు. టెక్సస్‌లో తెల్లతోక జింకని రిమ్‌ఫైర్ తూటాతో వేటాడటం చట్టవిరుద్ధం. కొలరాడోలో జింక లాంటి పెద్ద జంతువుకి కనీసం .24 క్యాలిబర్ రైఫిల్ ఉండాలి. అంటే .243 ఆ గీతని వెంట్రుకవాసిలో దాటుతుంది. ఈ నియమాలు తుపాకీ పట్టినవాడి గొప్ప కోసం పెట్టినవి కావు. చిన్న గుండు జంతువుని గాయపరిచి వదిలేస్తుంది, త్వరగా చంపదు. కాబట్టి ఆ తండ్రి వెతుకుతున్నది బొమ్మ తుపాకీ కాదు. పైనుంచి పిల్ల భుజం ఒక హద్దు, కింద నుంచి జింక ప్రాణం ఇంకో హద్దు. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి సందులో .243, 7 ఎం.ఎం.-08, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ లాంటివి కొన్ని పడతాయి. మిగతావి పట్టవు.

ఆ సందులోనూ గోతులున్నాయి. పిల్ల చిన్నది కదా అని తేలిక తుపాకీ కొంటారు. అదే తూటాని ఎనిమిది పౌండ్ల తుపాకీ నుంచి ఆరు పౌండ్ల తుపాకీకి మారిస్తే తన్ను మూడో వంతు పెరుగుతుంది. నాన్న తుపాకీయే ఇస్తే, ట్రిగ్గర్ నుంచి తుపాకీ మడమ దాకా పదమూడున్నర అంగుళాల పైనే ఉంటుంది. పిల్లకి కావలసింది పన్నెండు, పన్నెండున్నర. అందనిదాన్ని అందుకోవాలని మెడ సాచి, టెలిస్కోప్‌కి కన్ను దగ్గరగా పెడితే, పేలగానే ఆ అంచు వచ్చి కనుబొమ్మ చీరేస్తుంది. పోనీ గొట్టం చివర బ్రేక్ బిగిస్తే తన్ను తగ్గుతుంది గానీ చప్పుడు పక్కలకీ వెనక్కీ మళ్లుతుంది. రైఫిల్ చప్పుడు ఎలాగూ 140 డెసిబెల్స్‌కి పైమాటే, చెవులకి రక్షణ లేకపోతే ఒక్క దెబ్బకే చెరుపు చేయగలదు. ఇన్ని చూసుకుని కొనేవాడిని పట్టుకుని అనాగరికుడు అనేముందు, మనం పిల్లకి స్కూటీ కొన్నప్పుడు ఎన్ని చూశామో ఒకసారి గుర్తుచేసుకుంటే బావుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. బాగా తన్నించుకున్న పిల్ల రెండోసారి ఏం చేస్తుంది? ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటుంది. భుజం బిగుస్తుంది. వేలు నెమ్మదిగా నొక్కాల్సింది పోయి గుంజేస్తుంది. దీన్ని ఫ్లించ్ అంటారు. ఇది పిరికితనం కాదు. శరీరం నేర్చుకున్న పాఠం. నేర్పేవాళ్లు దీన్ని పట్టుకోడానికి ఒక పని చేస్తారు: అసలు తూటాల మధ్యలో, పిల్లకి తెలియకుండా ఒక డమ్మీ తూటా పెడతారు. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్‌మంటుంది, అంతే. తుపాకీ తన్నలేదు. అయినా గొట్టం కొస కిందికి కుంగుతుంది. రాని దెబ్బకి శరీరం ముందే సిద్ధమైపోయిందన్నమాట.

రేంజిలో కాగితం మీద అయితే గురి తప్పింది అనుకుని నవ్వుకోవచ్చు. అడవిలో ఆ గొట్టం కొసకి అవతల ఒక జింక ఉంటుంది. గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో తగలాల్సిన గుండు పొట్టలో తగులుతుంది. పొట్టలో తగిలిన జింక అక్కడికక్కడే పడిపోదు. పొదల్లోకి పరిగెడుతుంది. చావడానికి గంటలు పట్టొచ్చు. కాబట్టి తుపాకీ తన్నాలి, నొప్పి తెలియాలి అన్న మిత్రుడికి నాదొక విన్నపం: మీరు కోరుతున్న ఆ నొప్పికి బిల్లు కట్టేది పిల్ల కాదు, జింక. మీ నీతిపాఠానికి ఫీజు దానిచేత కట్టిస్తున్నారు.

ఇంకో చిన్న సంగతి. తన్ను భుజానికి తెలిసేసరికి గుండు గొట్టం దాటి వెళ్లిపోయి ఉంటుంది. పని అయిపోయాక వచ్చే హెచ్చరిక హెచ్చరికెలా అవుతుంది? 2013లో కెంటకీలోని బర్క్స్‌విల్ దగ్గర ఐదేళ్ల పిల్లాడి చేతిలో తుపాకీ పేలి, రెండేళ్ల చెల్లెలు చనిపోయింది. అది పిల్లల కోసమే చేసిన .22 రైఫిల్. దాని పేరు క్రికెట్, కంపెనీ నినాదం ‘నా మొదటి రైఫిల్’. ఇంట్లో ఒక మూల నిలబెట్టి ఉంది. లోపల తూటా ఉందని ఎవరూ చూసుకోలేదు. చూశారా, తన్నని తుపాకీ ఏం చేసిందో అని మిత్రులు అనొచ్చు. సరే, అది గాడిదలా తన్నే తుపాకీ అయ్యుంటే ఆ చెల్లెలు బతికేదా? వాడి భుజం విరిగేది, అదనంగా. ఆ ఇంట్లో లేనిది తన్ను కాదు. తాళం.

మరి ఇంత తేలికగా కనపడే విషయం బాగా చదువుకున్న మనవాళ్లకి ఎందుకు కనపడదు? నాకు తోచిన కారణం ఒకటే. దండం దశగుణం భవేత్. ఆ శ్లోకం మన రక్తంలో ఉంది. దెబ్బ తగిలితేనే బుద్ధొస్తుందనీ, కందిన అరచేతికే ఎక్కాలు వస్తాయనీ మనం తరతరాలుగా నమ్మాం. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ నిషేధించింది. చట్టం మారింది, మనం మారలేదు. బెత్తాన్ని బడిలోంచి తీసేసి మెటఫర్‌లో పెట్టుకున్నాం. విచిత్రం ఏమిటంటే, మనం అసహ్యించుకునే అమెరికన్ మోటుమనిషిదీ ఇదే సిద్ధాంతం. కొత్తవాళ్ల చేతికి పెద్ద తుపాకీ ఇచ్చి, అది వాళ్లని వెల్లకిలా పడేస్తే ఫోన్లో తీసి నవ్వుకునే రకం ఉంటారు. మగాడివి కావాలంటే తన్ను తినాలి అంటాడు ఆయన. మనిషివి కావాలంటే తన్ను తినాలి అంటాడు మన కవి. ఇద్దరికీ పిల్ల భుజం మీద కనికరం లేదు.

సాహిత్యం పేరు చెప్పారు కాబట్టి సాహిత్యంలోకే వెళదాం. ఫాక్‌నర్ 1942లో వేసిన ‘గో డౌన్, మోజెస్’లో వేట నేర్చుకునే కుర్రాడున్నాడు. మొదటి జింకని కొట్టినప్పుడు శామ్ ఫాదర్స్ అనే ముసలాయన ఆ వేడి రక్తాన్ని వాడి మొహానికి పూస్తాడు. ‘ది బేర్’ కథలో అదే కుర్రాడికి ఆ పెద్ద ఎలుగుబంటి కనపడాలంటే ముందు తుపాకీ వదిలిపెట్టాలి, తర్వాత గడియారాన్నీ దిక్సూచినీ కూడా వదిలేయాలి. రాలింగ్స్ నవల ‘ది ఇయర్లింగ్’ (1938) తీసుకోండి. కుర్రాడు పెంచుకున్న జింక పిల్ల పంటని పాడుచేస్తుంటే వాళ్లమ్మ కాలుస్తుంది, గురి కుదరదు, అది గాయపడుతుంది. దాన్ని ఆ యాతన నుంచి తప్పించడానికి ఆఖరి గుండు ఆ కుర్రాడే పేల్చాల్సొస్తుంది. ఈ రెండు పుస్తకాల్లోనూ చంపడం బరువుగానే ఉంటుంది. ఆ బరువు మొహం మీది రక్తంలో ఉంది, తుపాకీ కింద పెట్టేసి నడవడంలో ఉంది, తప్పిన గురికి ఇంకొకరు కట్టిన మూల్యంలో ఉంది. ఏ భుజమైనా కమిలిందో లేదో ఆ రచయితలు మనకి పాఠంగా చెప్పలేదు. చెప్పాల్సింది అది కాదు కాబట్టి.

ఇక మొదటి రకం జవాబు: పసిపిల్లకి చావు చూపించడం ఏమిటి? ఆదివారం పొద్దున స్టీలు క్యాను ఇచ్చి చికెన్ షాపుకి పంపిన పిల్లల్లో మనలో ఎంతమంది లేరు? మెడ కోసి డ్రమ్ములో పడేస్తే లోపల దడదడమని కొట్టుకునేది. మనం స్కిన్‌లెస్సా విత్ స్కిన్నా అన్న ప్రశ్నకి జవాబు చెప్పి, చిల్లర లెక్కపెట్టుకుని వచ్చేవాళ్లం. ఆ కోడి గురించి ఎవరూ మనతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ పదకొండేళ్ల పిల్ల మాత్రం వేటకి వెళ్లేముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చదువుతోంది. జింక పక్కకి తిరిగి నిలబడితే గుండె ఎక్కడ ఉంటుంది, దాని వెనక ఏముంది, ఎప్పుడు కాల్చకూడదు, ఇవి అందులో పాఠాలు. మాంసం తినని మిత్రుల అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను, వాళ్లతో నాకు వాదన లేదు. మటన్ పులుసు అన్నంలో కలుపుకుంటూ జింక కోసం కన్నీళ్లు పెట్టేవాళ్లతోనే పేచీ. ఇంకోటి. పండక్కి రిలీజైన సినిమాలో హీరో మెషిన్ గన్ పట్టుకుని వందమందిని లేపేస్తుంటే, ఒళ్లో ఆరేళ్ల పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని విజిలేస్తాం. ఆ గన్ తన్నదు. దాని గురించి గ్రూపులో ఎవరూ కవిత్వం రాయలేదు.

అలాగని తుపాకీకి తెల్లచీర కట్టడం లేదు నేను. 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల వాళ్ల మరణాలకి అన్నిటికన్నా పెద్ద కారణం తుపాకీ. అందులో ఎక్కువభాగం హత్యలూ ఆత్మహత్యలూ. పెద్దవాళ్లు వెంట ఉండగా జరిగే వేట వాటా చిన్నది. కానీ వేట కోసం కొన్న తుపాకీ వేట రోజున మాత్రమే ఇంట్లో ఉండదు. ఏడాదంతా ఉంటుంది. పిల్ల పరీక్ష తప్పిన రోజునా ఉంటుంది, స్నేహితురాలు మాట్లాడటం మానేసిన రోజునా ఉంటుంది. తూటా నింపిన తుపాకీని పదిహేడేళ్ల లోపు పిల్లలకి అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరమే, కానీ చట్టం సాధారణంగా తలుపు తట్టేది ఏదో జరిగాకే. అదీ ఒక రకం రీకాయిలే. గులాబీ రంగు వేసి, ‘మొదటి’ అనే ముద్దు మాట తగిలించి తుపాకీని బొమ్మల అరలోకి జరిపే వ్యాపారం మీద నాకున్న కోపం కూడా ఇక్కడిదే. భుజానికి మెత్తగా ఉండటం వేరు, మనసుకి మెత్తగా చేసి అమ్మడం వేరు. మొదటిది దయ. రెండోది మార్కెటింగ్. మన మిత్రులు ఈ రెంటినీ కలిపేసి, దయని తిట్టి మార్కెటింగ్‌ని వదిలేశారు.

తక్కువ తన్నేది ఏది అని అడిగే తల్లిదండ్రుల్ని వెక్కిరించొద్దు. జవాబు చెప్పాక ఇంకో మూడు ప్రశ్నలు వాళ్ల ముందు పెట్టండి. తుపాకీ రాత్రిపూట ఎక్కడ పడుకుంటుంది? ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుంది? చలిలో మూడు గంటలు కూర్చుని, జింక ఎదురుగా వచ్చి నిలబడ్డాక, పిల్ల ‘నాన్నా, నేను కాల్చను’ అంటే నవ్వకుండా ఇంటికి తీసుకొస్తారా? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ .243 కొనుక్కోవచ్చు. తడుముకునేవాళ్లకి ఏ తుపాకీ అయినా, ఎంత మెత్తనిదైనా, ఇంట్లోకి రాకూడనిదే.