పరారీ అన్న మాట

రఘునాథపల్లి రోడ్డు మీద చాయ్ దుకాణం దగ్గర మొన్న ఒకాయన పక్కవాణ్ణి "ఏందిరా, తుర్రుం ఖాన్ అనుకుంటున్నవా?" అని గదమాయించాడు. ఆ తుర్రుం ఖాన్, 1857 జులై 17న హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద రోహిల్లాలతో విరుచుకుపడ్డ తుర్రేబాజ్ ఖానేనంటారు. తిట్టులోనైనా అతని పేరు మిగిలింది. ఎవరిని విడిపించాలని ఆ దాడి చేశాడో, ఆ జమేదార్ చీదా ఖాన్‌కు ఆ భాగ్యమూ లేదు. సిపాయిల తిరుగుబాటును అణచడానికి ఢిల్లీ మీదికి నడవమంటే నడవనని, కంటింజెంట్ దళాన్ని వదిలి, కొందరిని వెంటబెట్టుకుని బుల్దానా నుంచి హైదరాబాద్ చేరాడు. నిజాం దివాన్ సాలార్‌జంగ్ పట్టించి తెల్లదొరలకు అప్పగించాడు. దొరల లెక్కలో అతడు పరారీ సిపాయి. నా పేచీ ఆ మాటతోనే. ప్రాణభయంతో పారిపోయేవాడు ఏ చుట్టాల ఊరో పట్టుకుంటాడు గానీ, రెసిడెంటు కాపురమున్న పట్నానికే వస్తాడా? ఆ దాడిలో తుర్రేబాజ్‌కు తోడు నిలిచిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు, అక్కడే పోయాడు. అండమాన్ అనగానే మనకు సెల్యులార్ జైలు కళ్లముందు కడుతుంది. అది పూర్తయింది 1906లో. 1858లో దిగిన తొలి ఖైదీలకు గోడలు కూడా లేవు, నరకాల్సిన అడవి, చలిజ్వరం, చుట్టూ ఉప్పునీళ్లు. తుర్రేబాజ్‌కూ ద్వీపాంతరమే వేశారు. ఓడ ఎక్కించకముందే 1859 జనవరిలో తప్పించుకున్నాడు. తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని పట్నంలో వేలాడదీశారు. చాయ్ దుకాణంలో తిట్టు తిన్నాయన మాత్రం నవ్వి, ఇంకో రెండు చాయ్‌లు చెప్పాడు.